రోహిణిలో పుట్టిన గుంట

చోడవరం చుట్టుపక్కల ఎవరు బెల్లం వండినా పాకం పట్టడానికి పరదేశి అనే అతను రావలసిందే. చెరుకురసం కాచే పెనం దగ్గర నిలబడితే పాకం సంగతి తప్ప మరో మాట మాట్లాడేవాడు కాడు. నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అనుకునేది. అలాంటివాడు జన్మకొక్కసారి తల్లికి ఎదురుతిరిగేడు. ఎందుకో చెబుతాను వినండి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చేక తొలి మాఘం అది. అతని చెల్లెలు పైడితల్లి పురిటికని పుట్టింటికొచ్చి, ఆడపిల్లని కని, మర్నాడే కన్నుమూసింది. గానుగ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చిన అన్నకి చెల్లెలి ఆఖరి చూపు దక్కింది గాని, పిల్ల మొహం దక్కలేదు. తల్లి నరసమ్మ పిల్లని కొంగుకింద దాచేసింది.

"రోయిణిలో పుట్టిందిరా! మావకి గండం! ఇటు సూడకు!"

రోహిణిలో పుట్టిన బిడ్డ మేనమామకి చేటని మనవాళ్ళ భయం. మళ్ళీ రోహిణి వచ్చిన రోజున శాంతి చేయించి, ముందు నూనెలో నీడ చూసి, ఆ తరవాతే అతను బిడ్డ మొహం చూడాలి. అందాకా పరదేశి గానుగ పాకలోనే పడుకున్నాడు. చెల్లెలి కోసం ఏడవడానికి కూడా ఇంటికి రాలేదు పాపం.

ఎన్ని శాంతులు చేయిస్తేనేం, నరసమ్మ భయం తీరేది కాదు. మొగుడు ఎప్పుడో పోయేడు, కూతురు ఇప్పుడు పోయింది, మిగిలినవాడు వీడొక్కడే. పిల్ల తండ్రి మరో పెళ్ళికి సిద్ధపడి, బిడ్డ తనకొద్దన్నాడు. వాడి మొహం మండ! అంచేత మాడుగులలో పిల్లల్లేని నూకరత్నానికి పెంపుడిస్తానని నరసమ్మ మాటిచ్చేసింది.

"గుంట ఎక్కడున్నా బతుకుతాది. నువ్వు నాకు బతకాలి" అంది, గానుగ పాకకి వచ్చి కొడుకుతో.

పరదేశి తలూపేడు. తల్లి మాట కాదనడం అతనెరగడు.

శాంతి రోజు పొద్దుగూకేవేళ పురోహితులు కామేశం గారు కంచుగిన్నెలో నువ్వులనూనె పోయించేరు. నరసమ్మ వెనకనుంచి పిల్లని ఎత్తి పట్టుకుంది. పరదేశి వంగి చూసేడు. నూనెలో అదే నుదురు, అదే ముక్కు, అచ్చం పైడితల్లే! ఇక చూడవచ్చని వెనక్కి తిరిగేసరికి కళ్ళు నిండిపోయి ఏమీ కనబడలేదు.

కామేశం గారి వెనకాలే వాకిట్లోకి వచ్చేడు.

"బాబూ, రోయిణంటే ఏటండి? అంత సెడ్డదా?"

"ఛ, ఎవడన్నాడు?" ఆయన పైకి చూపించేరు. సగం చందమామ పక్కన ఎర్రటి చుక్క. "రోహిణి అంటే ఎర్రనిదని అర్థం. ఆ ఎరుపుని బట్టే ఆ పేరు. దక్షుడి కూతుళ్ళు ఇరవైయేడుగురినీ పెళ్ళాడిన చంద్రుడు ఈవిణ్ణి మాత్రం వదిలి ఉండలేకపోయేడు. మిగతావాళ్ళు మొరపెట్టుకుంటే, క్షీణించిపొమ్మని మావగారు శపించేరు."

"అప్పుడు ఆవిణ్ణి ఒగ్గేసేడా బాబూ?"

"ఎక్కడ! చిక్కిపోతూ, కోలుకుంటూ, నెలనెలా ఈవిడ దగ్గరికే వస్తాడు. ఇవాళా వచ్చేడు చూడు."

ఆ చుక్క సూర్యుడికంటే ఎన్నో రెట్లు పెద్దదట. అది పరదేశికి తెలీదు. తెలిసినా పట్టించుకునేవాడు కాడు. శాపం తగిలినా వదల్లేదన్న మాటొక్కటే అతని చెవిలో ఉండిపోయింది.

లోపల నరసమ్మ, పిల్లని తీసుకుపోవడానికి వచ్చిన నూకరత్నం ఒడిలో దాన్ని పెట్టబోతోంది. పరదేశి అడ్డంగా వచ్చి చేతులు చాపేడు.

"నాకియ్యే అమ్మా."

"ఒరే! నీకేటన్నా అయితే నానేటైపోవాల్రా?"

"అయితే అవనీ. సెల్లిని ఎలాగూ ఆపలేకపోనాను. దీన్ని కూడా పంపించేసి, నా పేనం నాను దాసుకుని ఏటి సేసుకోవాలి?"

నూకరత్నం నోటికి కొంగడ్డం పెట్టుకుని లేచింది. ఆవిడ మాత్రం ఏం పాపం చేసింది? ఒట్టి చేతుల్తో వెళ్ళిపోయింది.

నరసమ్మ తిట్టింది, ఏడ్చింది, నెత్తి కొట్టుకుంది. కొడుకు కదల్లేదు. పైగా పిల్లకి రోహిణి అనే పేరు పెడతానన్నాడు. చివరికి ఆవిడ కొడుకు చేతుల్లో ఉన్న ఆ గుప్పెడు పిల్ల దగ్గరికొచ్చి, రెండు పాదాలూ కళ్ళకద్దుకుంది.

"రోయిణీ, నీకు దణ్ణం పెడతానే తల్లీ. నా కొడుకుని నాకుంచు."