హెల్పర్ వనజాక్షి

ముత్తుకూరు రోడ్డులో ఉన్న మా రొయ్యల కంపెనీలో గుర్తింపు కార్డులు కొట్టేది నేనే. కాబట్టి ఇందులో కొంత పాపం నాది కూడా.

వనజాక్షి పద్దెనిమిదేళ్ళుగా గ్రేడింగ్ బల్ల దగ్గర నిలబడి ఉంది. రొయ్యను అరచేతిలో వేసుకుంటే చాలు, కిలోకి ముప్పై తూగే రకమో నలభై తూగే రకమో చెప్పేస్తుంది. కాటా కూడా ఆమెతో వాదించదు. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఆరుగురు ఆమెకే సూపర్‌వైజర్లయ్యారు. ఆమె కార్డులో మాత్రం ఏటా ‘హెల్పర్’ అనే కొట్టాను. అట్ట రంగు మార్చానంతే.

మొన్న జూన్‌లో ఏడో ఆయన దిగాడు. పేరు సుశీల్ కుమార్, మేనేజరు గారి తోడల్లుడు. ముక్కుకు రుమాలు.

“వనజాక్షీ, సారుకి కాస్త పని నేర్పించు” అన్నాడు మేనేజరు.

“నేను హెల్పర్ని గదా సార్. హెల్పర్ దగ్గర నేర్చుకుంటే సారుకేం మర్యాద? నేను బుట్టలు మోస్తాలే.”

అని బుట్ట ఎత్తుకుంది. బల్ల చుట్టూ ఉన్న పదకొండు మంది ఆడవాళ్ళు తమ కార్డులు తిప్పి చూసుకున్నారు. వాళ్ళూ హెల్పర్లే. వాళ్ళూ బుట్టలెత్తారు.

గేటు దగ్గర పోర్టుకు పోవాల్సిన కంటైనరు. బల్ల మీద కరిగే ఐసు. చివరికి మేనేజరే గంబూట్లు తొడుక్కుని దిగాడు, ఎడమది కుడికాలికి. అరగంటలో ముప్పైనీ నలభైనీ కలిపేశాడు.

“సార్, ఈ కలిపిన బుట్ట ఏ పక్క పెట్టమంటారు?” వనజాక్షి ఎంతో వినయంగా అడిగింది. మాస్కుల వెనక నవ్వులు కనపడవు గానీ, భుజాలు ఊగితే తెలిసిపోతుంది.

“ఉద్యోగం ఊడుతుంది, జాగ్రత్త!”

ఆమె మొగుడి పడవ రెండేళ్ళుగా ఒడ్డునే పడి ఉంది. ఈ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ సంగతి మేనేజరుకూ తెలుసు.

“ఊడగొట్టండి సార్. ఒక హెల్పర్ని తీసేస్తే కంటైనరు ఎట్టా ఆగిపోయిందని చెన్నై హెడ్డాఫీసు వాళ్ళు అడుగుతారు. జవాబు మీరే చెప్పుకోండి.”

మర్నాడు పొద్దునకీ కంటైనరు గేటు దగ్గరే ఉంది. మేనేజరు చీటీ పంపాడు. సిగ్గుపడుతూనే కొత్త కార్డు కొట్టి తీసుకెళ్ళాను. ‘సీనియర్ హెల్పర్’.

వనజాక్షి చదివింది. “ఏందన్నా, ఇంక మీదట బుట్టలు పెద్దవిస్తారా?”

నేను కార్డు జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాను.

మధ్యాహ్నానికి ‘గ్రేడర్’ అని వచ్చింది. ఈసారి మేనేజరే స్వయంగా తెచ్చాడు. ఆమె దాన్ని మెడలో వేసుకోలేదు. బల్ల మీద పెట్టింది.

“వీళ్ళు పదకొండు మంది ఉండారు గదా సార్, వీళ్ళవో?”

బయట కంటైనరు డ్రైవరు హారను మోగించాడు. మేనేజరు నా వైపు తిరిగి, “అందరివీ కొట్టి తగలెయ్యి!” అని అరిచాడు.

పదకొండూ కొట్టాను. మిషను వేడిగానే ఉంది కదా అని పన్నెండోది కూడా కొట్టి, దొంతరలో కలిపి సంతకానికి పెట్టాను. చూడకుండానే చేశాడు. ఆ పన్నెండోది నాది, ‘క్లర్క్’ అని. యాభై రెండేళ్ళ ఈ బట్టతల పెద్దమనిషి మెడలో అంతవరకూ వేలాడింది ‘ఆఫీస్ బాయ్’.