నస్రీన్ ఆపమన్న విమానం

1998. ఉత్తరాదిలో ఒక మహానగరం ఎయిర్‌పోర్టు టవర్‌లో కంట్రోలర్‌గా చేస్తున్నాను. అక్కడ రెండు రన్‌వేలు కత్తెరలా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. ఒకదాని మీద విమానాలు దిగుతుంటే రెండోదాని మీంచి లేస్తుంటాయి. లేచే విమానం ఆ కూడలి దాటేదాకా, దిగే విమానం తన రన్‌వే అంచు మీదికి రాకూడదు. వాటి మధ్య ఉంచే ఆ ఎడాన్నే సెపరేషన్ అంటాం.

నా దగ్గర నస్రీన్ అనే అమ్మాయి ట్రైనింగులో ఉండేది. మాది విజయవాడలో పటమట, వాళ్లది అక్కడే వన్‌టౌన్. వాళ్ల నాన్నగారు మంగళగిరి చీరల వ్యాపారి. అంత దూరంలో మన ఊరి మనిషి దొరికిందని నాకు సంబరంగా ఉండేది. పని కూడా చురుగ్గా నేర్చుకుంది.

ఆ మధ్యాహ్నం లేవాల్సిన విమానాలు వరస కట్టాయి. పైలట్లు విసుక్కుంటున్నారు. దిగేది ఇంకా నాలుగు మైళ్ల దూరంలో ఉంది. వరసలో ముందున్నది బరువైన విమానం, కదలడానికి టైం పడుతుంది, ఆ వచ్చేది దిగాక దీన్ని పంపుదామంది నస్రీన్. నాకు ఓపిక లేకపోయింది. మైకు తీసుకుని టేకాఫ్ క్లియరెన్స్ ఇచ్చేశాను.

ఆమె అన్నట్టే అయింది. ఆ విమానం చాలాసేపు నిలబడి, అప్పుడు మెల్లగా కదిలింది.

“సార్, ఆపేయండి. ఇంకా స్పీడు అందుకోలేదు,” అంది నస్రీన్ నా పక్కనుంచి.

అప్పుడైతే ఆపొచ్చు. దాటేస్తుందిలే అనుకున్నాను. దాటదని తెలిసేసరికి ఆపే వేళ మించిపోయింది. దిగబోయే విమానానికి గో అరౌండ్ ఇచ్చాను, అంటే దిగకుండా మళ్లీ పైకి లేవమని. రెండూ దాదాపు ఒకేసారి కూడలి మీదికొచ్చాయి. ఒకదాని పైనుంచి ఇంకొకటి వెళ్లిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఎంక్వైరీలో టేపులు విన్నారు. మైకులో అన్నవే అందులో ఉంటాయి, పక్కనుంచి అన్నవి ఉండవు. ఆపమని చెప్పానంది నస్రీన్. నాకు వినపడలేదన్నాను నేను. ట్రైనీ నెమ్మదిగా చేయడం వల్లే విమానాలు పేరుకుపోయాయని రాసి కూడా ఇచ్చాను. నాకు హెచ్చరిక లెటర్‌తో సరిపోయింది. ఆమెను టవర్ నుంచి తీసి ఫైళ్ల సెక్షన్‌లో వేశారు. కొన్నాళ్లకు రాజీనామా చేసి వెళ్లిపోయింది.

2004లో నాకు మా విజయవాడ పక్కనే ఉన్న గన్నవరం ఎయిర్‌పోర్టుకు ట్రాన్స్‌ఫరయింది. చాలా రోజులు తటపటాయించి నస్రీన్ వాళ్లింటికి వెళ్లాను. నస్రీన్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతోంది. వాళ్ల నాన్నగారు, మా అమ్మాయికి పని నేర్పిన సారని ఇంట్లోవాళ్లకు పరిచయం చేసి, టీ ఇప్పించారు. ఆమె ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదని అర్థమైంది.

ఆయన లోపలికి వెళ్లాక, “ఆ రోజు నీ మాట నాకు వినపడిందమ్మా,” అన్నాను.

“తెలుసు సార్. నా వైపు తిరిగి చూశారు కదా,” అంది. “అది ఎంక్వైరీలో చెప్పాల్సింది,” అంది.

ఆ వారమే జరిగిందంతా రాసి పై ఆఫీసుకు పంపాను. ఆ ఫైలు ఎప్పుడో మూసేశామని జవాబొచ్చింది.

ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాళ్లకూ ఈ కేసు మొదటిరోజే చెప్పేవాణ్ణి, నా అబద్ధంతో సహా. పక్కవాళ్లు ఆపమంటే ముందు ఆపేసి, ఎందుకని తర్వాత అడిగేవాణ్ణి. దానివల్ల వాళ్లకు మంచే జరిగింది. నస్రీన్‌కి మాత్రం ఒరిగిందేమీ లేదు.