తీర్థం మింగేటప్పుడు

పచ్చకర్పూరం కలిపిన తులసినీళ్ల వాసన తగలగానే, ఈ వయసులోనూ నా చూపు ఎదుటివారి గొంతు మీదికి పోతుంది. వరంగల్‌లో మా భజన మందిరంలో శనివారాలు పురాణం చెప్పిన అనసూయత్త వల్ల వచ్చిన అలవాటిది. మా వీధిలో ఆమెకు కిరాణా కొట్టుండేది. నాకు పద్యం రాగం తీసి చదవడం నేర్పింది ఆమే. తీర్థం పుచ్చుకునేటప్పుడు కళ్లు మూసుకోవాలని నేర్పిందీ ఆమే.

డెబ్బయ్యో దశకం చివర్లో పద్యం మధ్యలో ఆమె గొంతు బొంగురుపోవడం మొదలైంది. అప్పటికి నేను బట్టల కొట్లో గుమాస్తాను. పెద్ద దవాఖానకు నేనే తీసుకుపోయాను. సర్జన్ మెడలోని తులసిమాల తీయమన్నాడు.

“సచ్చినా తియ్యద్దంటరు సారూ,” అంది అత్త.

“ఇప్పుడు తియ్యకుంటే ఆ ముచ్చట జల్దినే వస్తదమ్మా.”

అత్త నవ్వి, మాల తీసి నా చేతిలో పెట్టింది. ఆయన ఆమె వెనక నిలబడి మెడకు వేళ్లానించి, నీళ్లు మింగమన్నాడు. నర్సు గ్లాసు అందించబోతే, అత్త అలవాటుగా కుడి అరచేయి గుంటచేసి చాచింది. నర్సు తికమకపడి అందులోనే పోసింది. అత్త తలెత్తి, కళ్లు మూసుకుని మింగి, తడిచేతిని తలకు రాసుకుంది. ఆ మింగుడుతోపాటు మెడలో నిమ్మకాయంత గడ్డ పైకి లేచి, కిందికి దిగింది.

“రాయి లెక్కున్నది. ఇన్నొద్దులు ఎవరూ చూడలేదా?” అన్నాడు సర్జన్.

ప్రతి శనివారం ఆమె మా ఎదుటే అలా తలెత్తి మింగేది. ఆ గడ్డా అలాగే కదిలి ఉంటుంది. మేమంతా భక్తిగా కళ్లు మూసుకునే ఉన్నాం.

థైరాయిడ్ గ్రంథిని కోసి తీశారు. ముక్కను పరీక్షిస్తే క్యాన్సర్ అని తేలింది. మెడ పక్కలకూ పాకిందట. ఆ మాట చెప్పడానికి మంచం పక్కన కూర్చుంటే, ఆమే గుసగుసగా అంది: “ఏందిరా గట్ల మొకం ఏలాడేసినవ్? దేవుడు ఎదురుంగ కూసోని సూపెడుతనే ఉన్నడు. కండ్లు మూసుకొమ్మని నేనే చెప్తిని.” మళ్లీ, “తీర్థం పోసెటోడన్న తెరిచి ఉంచాలె బిడ్డా,” అంది.

తర్వాత జబ్బు వెన్నెముకలోకి దిగింది. ఆమె మళ్లీ పురాణం చెప్పలేదు. కోత మచ్చ మీద మళ్లీ వేసుకున్న తులసిమాల ఆమెతోనే కాలిపోయింది.

ఇప్పుడు మందిరంలో తీర్థం పోసేది నేనే. వచ్చినవాళ్లు తలెత్తి, కళ్లు మూసుకుని మింగుతారు. నేను గొంతు చూస్తాను. అక్కడ గడ్డేమీ కదలకపోతే, లోలోపల గోవిందా అనుకుని తర్వాతి చేతిలో పోస్తాను.