వేడి గనక చాయైతే

'అయితే' అనే మాట వచ్చిందంటే సదానందం దాన్ని తలకిందులు చేయనిదే వదలడు. పుట్టుకతో వచ్చిన గుణం కాదు, రెండేళ్లుగా పట్టుకుంది. ఒకసారి చౌరస్తాలో బస్సు ఆపి, "మంథని గనక ఈ బస్సయితే ఎక్కుత" అన్నాడు. "మంథని బస్సు గాదన్నా, ఊరు" అని కండక్టర్ రైట్ చెప్పేశాడు.

చాయ్ బండి సారవ్వతోనూ అదే తంతు.

"వేడి గనక చాయైతే ఒకటి పొయ్యవ్వ."

"చాయ్ వేడిగుందా అని అడుగు బిడ్డా. వేడి చాయా అని అడుగుడేంది?"

గోదావరిఖనిలో అతను నడిపే చిన్న ఆఫీసులో ప్రోగ్రాములూ అలాగే రాయాలి. 'ఫ్యాను సున్నా అయితే' అని రాయకూడదు, 'సున్నా ఫ్యాను అయితే' అని రాయాలి. ఎందుకని అడిగితే, తన చేతికి మతిమరుపనేవాడు. అక్కడ పనిచేసే సంతోషికి ఇదంతా తలవంపులుగా ఉండేది.

ఆ రోజు పదకొండింటికి బాయి, అంటే బొగ్గు గని, అధికారులు వచ్చారు. బొగ్గుబాయిలోకి గాలి పంపే ఫ్యాను ఆగితే గంట మోగించే ప్రోగ్రాము చూడాలి. నచ్చితే సంతోషి నాన్న మొగిలి దిగే బాయిలోనే పెడతారు. తెర మీద తలకిందుల రాతలు చూసి నవ్వుతారేమోనని, ఆమె పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా అన్నిటినీ తిన్నగా తిప్పేసింది.

నమూనా ఫ్యాను ఆపారు. గంట మోగలేదు. మళ్లీ ఆపారు. మోగలేదు.

పెద్ద అధికారి కళ్లజోడు తీశాడు. "బాయిల నిజంగ ఆగితే?"

నాన్న మొదటి షిఫ్టులో ఉన్నాడు. సంతోషి గోడ గడియారం వైపు చూసింది.

సదానందం తెర మీదికి వంగాడు. సమానం గుర్తు రెండుసార్లు కొడితే ప్రశ్న, ఒకసారే కొడితే ఆజ్ఞ. 'ఫ్యాను సున్నాయా?' అని అడగాల్సిన చోట 'ఫ్యానూ, సున్నా అయిపో' అని ఉంది. అడగనిదే గంట ఎందుకు మోగుతుంది?

"నా చెయ్యే సార్, ఒక గుర్తు మింగింది" అంటూ ఆ వరుసను తలకిందులు చేశాడు. 'సున్నా, ఫ్యాను అయిపో' అనేసరికి కంప్యూటర్ మొండికేసి ఎర్రగీత పెట్టింది. సున్నాను ఇంకోటిగా మార్చడం దాని తరం కూడా కాదు. రెండో గుర్తు కొట్టాడు. ఫ్యాను ఆపారు. గంట మోత మెట్ల కిందున్న సారవ్వ బండి దాకా వినపడింది.

"మిగిలినయి గూడ గిట్ల తలకిందులు చేసి చూపెట్టుండ్రి. అప్పుడే బాయిల పెడ్తం" అని పెద్ద అధికారి లేచాడు.

మెట్లు దిగుతూ సంతోషి మెల్లగా అడిగింది. "అన్నా, గీ రూలు నిజంగ ఎందుకు వెట్టినవ్?"

"నువ్వు చేరిన రెండోవారం యాదికుందా? అప్పుడు గూడ గిట్లనే ఒక గుర్తు తప్పింది చెల్లె. నీ ఒక్కదానికే చెప్తే మనసుల పెట్టుకుంటవని అందరికి పెట్టిన."

"మరి బస్సు కాడ ఎందుకన్నా?"

"నోటికి అలవాటైతే చేతికొస్తదని మొదలువెట్టిన. ఇప్పుడు పోతలేదు."

సంతోషి బండి దగ్గరికి నడిచింది. "వేడి గనక చాయైతే రెండు పొయ్యవ్వ."

సారవ్వ గిన్నె దించి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నీకు గూడ అంటిందా బిడ్డా?"