మల్లప్ప ఉన్నాడని రాసిన సంతకం

నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, జనవరి నెలాఖరులో, రేషన్ కార్డుల విచారణకు నన్ను నాగల్‌గిద్ద అవతల ఒక పల్లెకు పంపారు. కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరది. అప్పుడు నేను గిర్దావర్‌ని. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అన్నమాట. తహసీల్దారు నీడలో కూర్చుని సంతకం పెట్టడానికి, ఎండలో తిరిగి ఆధారాలు తెచ్చే ఉద్యోగం.

ఊళ్లో ఉండని కుటుంబాల పేర్లు కొట్టివేయాలని ఆదేశం. పద్ధతి చిన్నదే. ఇంటి ముందు నిలబడి పేరు పిలవాలి. ఇంటి పెద్దను చూడాలి. చూశాక 'ప్రత్యక్షంగా చూచితిని' అన్న గడిలో సంతకం చేయాలి. మనిషి కనబడకపోతే మరో రోజు మళ్లీ రావాలి.

జీపు వాగు దాటదని డ్రైవర్ అక్కడే ఆపేశాడు. నేను నడిచి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఊరు చూడముచ్చటగా ఉంది. ప్రతి వాకిట్లో అలుకు చల్లి ముగ్గేసి ఉంది. ప్రతి దండెం మీద చీరో ధోతో ఆరుతున్నది. తలుపులకు గొళ్లేలున్నాయి గాని ఎక్కడా తాళం లేదు. ఇన్ని ఉన్నా మనిషి అలికిడి లేదు. కోడి కూత లేదు, కుక్క మొరగలేదు. వంట వేళైనా ఏ ఇంట్లోంచీ పొగ రాలేదు.

మొదటి ఇంటి ముందు నిలబడి పేరు పిలిచాను. "ఉన్నరు" అని ఇంటి వెనక నుంచి ఒక ఆడగొంతు పలికింది. పక్కింటికి వెళ్లి పిలిచాను. ఆ ఇంటి వెనక నుంచీ "ఉన్నరు" అని అదే గొంతు. మూడో ఇంట్లోనూ అంతే. నాకంటే ఒక అడుగు ముందే వెళ్లి నా కోసం కాచుకున్నట్టుంది. ముప్ఫై ఏళ్లు సర్వీసు చేసినవాణ్ని, ఆ మిట్టమధ్యాహ్నం తరువాతి పేరు పిలవడానికి వెనకాడాను.

మల్లప్ప అనే రైతు ఇంటి ముందు ధోతి నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. పేరు పిలిచాను. "ఉన్నడు" అన్నది గొంతు.

చివరి ఇంటి మూల నుంచి నాగవ్వ అనే ముసలామె బయటికి వచ్చింది. అందరూ ఏరని అడిగాను.

"తొగరి కొయ్య పోయిండ్రు సారూ. పొద్దుగూకినంక వస్తరు. నువ్వు రాసుకో" అన్నది. తొగరి అంటే కంది.

నాకు అనుమానం రాలేదని చెప్పను. దారి పొడుగునా కోసేసిన కంది చేలు చూస్తూనే వచ్చాను. కానీ సాయంత్రం దాకా ఆ ఊళ్లో కూర్చునే ధైర్యం లేకపోయింది. పేదవాళ్ల కార్డులు కొట్టేసి ఉసురు పోసుకోవడం ఎందుకని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పిరికితనానికి దయ అని పేరు పెట్టుకోవడం మా శాఖలో కొత్త కాదు. వాగు గట్టు మీద కూర్చుని అన్ని గడుల్లోనూ సంతకం చేశాను.

మరుసటి ఏడాది చలికాలంలో మల్లప్ప కూతురు శాంతవ్వ, కార్డుల విచారణకు వచ్చింది నేనేనని తెలిసి, నారాయణఖేడ్‌లో మా ఆఫీసుకు వచ్చింది. తండ్రి పేరు మీది భూమి తన పేరుకు మారాలంటే మరణ ధ్రువపత్రం కావాలి. మల్లప్ప కర్ణాటకలో చెరుకు కొట్టడానికి పోయి, నేను ఆ ఊరికి వెళ్లకముందే, కార్తీకంలో అక్కడే చనిపోయాడు. అక్కడే కాల్చారు, కాగితమేదీ లేదు. ఏడాది దాటిన మరణాన్ని నమోదు చేయాలంటే విచారణ జరగాలి. ఆ విచారణలో ఆమె దరఖాస్తు తిరస్కరించారు. కార్తీకంలో పోయాడన్న మనిషిని జనవరిలో గిర్దావర్ ప్రత్యక్షంగా చూశాడు గనుక. సమాచార హక్కు కింద తీసుకున్న నా నివేదిక నకలు ఆమె చేతిలో ఉంది.

తిడుతుందనుకున్నాను. ఆమె కుర్చీ అంచున కూర్చుని, పక్కవాళ్లకు వినబడకుండా అడిగింది.

"ఎట్ల కనవడ్డడు సారూ? వాకిట్ల కూసున్నడా? దగ్గు తగ్గిందా?"

ముసలామె పలికితే రాసుకున్నానని ఎట్లాగో చెప్పాను.

"నాగవ్వ అంటదని నాకెరుకనే" అన్నది శాంతవ్వ. "మేం చెరుకుకు పోతే అన్ని ఇండ్లకు ఆమెనే సాన్పి చల్లుతది, ముగ్గేస్తది, పాత బట్టలు తడిపి ఆరేస్తది. ఎవరు పిలిచినా ఉన్నరనాలె. లేరంటే పోయినోళ్లు మళ్ల రారంట. నాయన కబురు గప్పటికి ఆమెకు చేరనే లేదు. గాని మీరు కండ్లార చూసిన్నని రాసిండ్రు గద?"

"చూడలేదమ్మా. నేను ఎవరినీ చూడలేదు."

ఆమె ఆ కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. "సర్కారు రాత గదా అని నమ్మిన" అన్నది. "ఈ యేడు చెరుకుకు గుడ పోలె సారూ. మీకు కనవడ్డడంటే ఇంటికి వచ్చిపోతున్నట్టే గద. ఇల్లిడిసి ఎట్ల పోవాలె?"

ఆ మాట ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నిజం రాసిస్తానంటున్నానని తెలిసి తహసీల్దారు నన్ను పిలిచి, "ఏడాదిల రిటైరయ్యేటోనివి, ఎందుకయ్యా నెత్తికెత్తుకుంటవ్?" అన్నాడు. మల్లప్పను గాని, ఆ ఊళ్లో మరెవరినిగాని నేను చూడలేదని వాంగ్మూలం రాసిచ్చాను. వాళ్లు కూలికి పోయి ఉగాదికల్లా తిరిగి వస్తారనీ, కార్డులు తీసేయవద్దనీ అందులోనే రాశాను. ఆ మాట చెల్లలేదు, కొన్ని కార్డులు పోయాయి. మల్లప్ప మరణం నమోదై, భూమి శాంతవ్వ పేరుకు మారింది. నాకు అభియోగపత్రం వచ్చింది. అది తేలకముందే ఉద్యోగ విరమణ చేశాను.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఒకటే. తప్పు రాస్తే పైఅధికారి పట్టుకుంటాడని సర్వీసంతా భయపడ్డాను. చదివినవాళ్లు దాన్ని నమ్ముతారని ఒక్కనాడూ భయపడలేదు. భయపడవలసింది దానికే.