కొండ మీద పొంగని పిండి

పోయిన నెల మనవరాలు ఇపో పట్నం నుంచి కారులో కామెరాన్ కొండల మీదికి తీసుకెళ్తే, బస చేసిన గదిలో నడినెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతూ కనిపించింది. స్వెట్టరూ మేజోళ్ళూ మూటగట్టుకుని వెళ్ళిన నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ కొండ మీది తేయాకు తోటలోనే నేను పుట్టాను. నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, తెల్లదొరలు మలయాలో పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో, అడవిలో దాక్కున్న కమ్యూనిస్టు గెరిల్లాలకు చేరుతుందేమోనని గుప్పెడు బియ్యాన్ని కూడా అనుమానంగా చూసేవారు. మా అమ్మకు మాత్రం వేరే బాధ. పళ్ళు లేని నాయనమ్మ ఇడ్లీ తప్ప మరొకటి ముట్టేది కాదు, ఆ చలికేమో పిండి రెండు రోజులైనా పొంగేది కాదు. అందుకని ఫ్యాక్టరీలో ఆకు ఆరబెట్టే పెద్ద పొయ్యి దగ్గర పనిచేసే నాన్న, పిండిగిన్నెను అక్కడి వెచ్చని గోడ వెనక పెట్టి, పొంగాక ఇంటికి తెచ్చేవాడు.

మెర్డెకాకు, అంటే మా దేశ స్వాతంత్ర్యానికి, ముందటి ఏడాది ఒక ఉదయం, సోదాకు వచ్చిన పోలీసులకు ఆ గిన్నె దొరికింది. ఎవరి కోసం దాచావంటూ నాన్నను స్టేషనుకు తీసుకుపోయారు. అలా వెళ్ళినవాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగిరాని రోజులవి, నేనూ నాయనమ్మా ఒకటే ఏడుపు. అమ్మ మాత్రం మిగిలిన రేషను బియ్యమంతా మినప్పప్పుతో పాటు నానబోసి, రుబ్బి, సాయంత్రానికి రెండు గిన్నెల్లో పోసుకుని, నన్ను వెంటబెట్టుకుని స్టేషనుకు నడిచింది. మలయ్‌లో మాట్లాడిపెట్టడానికి వచ్చిన తోట గుమాస్తాగారు తల పట్టుకున్నారు.

“ఏటమ్మా, పిండి సూపించి మొగుణ్ణి ఇడిపించుకుంటావా?”

“ఒక గిన్నె ఈళ్ళకాడ, ఒకటి పొయ్యికాడ ఉంచమనండి. రేపు మూతలు ఆళ్ళనే తియ్యమనండి లా. ఇక్కడిది పొంగితే నన్నూ లోపలెయ్యమనండి.”

ఇన్‌స్పెక్టరు నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు, రెండింటికీ కాపలా పెట్టాడు. మర్నాడు తనే మూతలు తీసి చూస్తే, స్టేషనులోది పోసినది పోసినట్టే ఉంది, పొయ్యి దగ్గరిది మూత తోసుకుని పొర్లింది. మధ్యాహ్నానికి నాన్న ఇంట్లో ఉన్నాడు. ఆ ఇడ్లీలు అయిపోయాక వారమంతా కర్రపెండలంతోనే గడిపాం, నాయనమ్మ కూడా దాన్నే మెత్తగా ఉడికించి పెడితే తింది. మెర్డెకా నాడు నాన్న భుజాలెక్కి జెండా చూశాను.

పోయిన నెల ప్రయాణంలోనే తోటలోని మా పాత ఇళ్ళవైపు వెళ్తే, అక్కడుంటున్న ఒకావిడ ఈమధ్య పిండి రాత్రి అలమరలో పెడితే చాలు, తెల్లారేసరికి పొర్లిపోతోందని సంబరంగా చెప్పింది. మంచిదేనమ్మా అన్నాను. కానీ ఆనాడు మా నాన్నను విడిపించింది ఆ చలే. ఇవాళ అమ్మ అలాగే నడిచి వెళ్తే రెండు గిన్నెలూ పొంగుతాయి, నాన్న ఇంటికి రాడు.