వంటకాడున్నానన్న అబద్ధం

ఆరేళ్ళుగా ఓ అబద్ధం నాతోపాటు కూడు తింతన్నాది. నాతోపాటు తొంగుంతన్నాది. ఇక సాలు. ఇది నాతో కాటికి రాకూడదు. రాయవే. నాకు అచ్చరాలు రావు, మా అక్క మనవరాలివి, డిగ్రీ సదువుతన్నావు, నువ్వు రాయి. సదివేవోలు ఎవలో నాకు తెల్దు. తిట్టుకుంతే తిట్టుకోండి. జాలి మాత్రం పడొద్దు. జాలి పడితే నాకు ఒళ్ళు మండుతాది.

నాను అంగనవాడీలో ఆయాని. సీపురుపల్లికి అవతల మా ఊరు. మా ఆయన పోయిన ఏడే ఆ పని దొరికింది. పిల్లల్ని ఇంటింటికీ ఎల్లి తేవాల, ముడ్డి కడగాల, అన్నం పప్పు వండాల, గుడ్లు ఉడకబెట్టి ఒలవాల. పాతికమంది పిల్లగుంటలు, రెండు సేతులు. ఇది సాకు కాదు. సాకు అనుకుంతే ఇక్కడే ఆపీసి కాగితం సింపీ.

అప్పుడు మాకో టీచరమ్మ ఉండేది. పాతికేళ్ళు కూడా నిండని పిల్ల. ఆదివారం మందిరంలో పాటలు పాడే గొంతు. ఆపీసోలు ఆవిడికి ఫోను ఇచ్చినారు. హాజరు, పిల్లల బరువు, తిండి పోటోలు అన్నీ అందులోనే ఎక్కించాల. బొమ్మల కతలు కూడా సూపించమన్నారు. ఆ పిల్ల ఎలా సూపించేదో సెప్తాను, ఇను. పిల్లల మధ్య కూకుని, ఫోను ఒళ్ళో ఎట్టుకుని, పది నిమిషాలు. అంతే. మధ్యలో ఆపీసేది. "ఇదేటిరా? పిల్లి. మన ఈదిలో పిల్లి ఎలాగ అరుస్తాది?" అనేది. గుంటలందరూ ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవోలు. ఆ తర్వాత ఫోను బీరువాలో. తాళం. పిల్లల్ని వాకిట్లోకి తోలుకెల్లి నిజం పిల్లిని ఎతికించేది. నాకు నవ్వొచ్చేది. పిల్లిని ఎతకడానికి సదువుకోవాలేటి అనుకునేదాన్ని.

మద్దేనం అన్నాలైనాక ఆవిడ బాలింతల ఇళ్ళకి, కడుపుతో ఉన్నోల ఇళ్ళకి ఎల్లేది. అది ఆవిడ డూటీ. పిల్లలు నా నెత్తిన. ఒకడు పొయ్యికాడికి వస్తాడు, ఒకతి నీల్ల బిందెలో సెయ్యి ఎడతాది. వోల్లలో పైడి అని మూడేళ్ళ గుంట. తల్లి లచ్చిమికి జూటుమిల్లులో పని. పొద్దున్న సిప్టుకి పోతా పిల్లని నా సంకన ఏసి పోయేది. పైడి నోరు ఊరుకోదు. కాకి ఏటి తింతాది? పప్పు ఎందుకు ఉడుకుతాది? నీకు మొగుడు నేడేటి? అవును, అదీ అడిగేది. పెద్దోలు నా ఎనక ముండమోపి అంతారు. అది ఎదురుగా నిలబడి అడిగేది.

మా ఆయన ఫోను పెట్లో ఉండేది. టచ్ ఫోను. ఆయన పోయినాక ఎవలికీ ఇయ్యనేదు. ఓ రోజు దాన్ని సీపురుపల్లి ఎత్తుకెల్లినాను. ఫోనుల కొట్టోడు కార్డు నిండా బొమ్మల పాటలు ఎక్కించి ఇచ్చినాడు. ఏ బాసో నాకు తెల్దు, ఇంగిలీసేనట. బొమ్మలు ఎగురుతాయి, గెంతుతాయి. టీచరమ్మ గుమ్మం దాటగానే ఆ ఫోను నూకల డబ్బాకి ఆనించి ఎట్టీదాన్ని. పొంగే పాల మీద నీల్లు జల్లినట్టు గొడవంతా అణిగిపోయేది. పాతికమంది నోర్లూ మూతపడీవి. కన్ను ఆడేది కాదు. నాను గిన్నెలు తోమీదాన్ని, ఓ కునుకు తీసీదాన్ని. రెండు గంటలు. ఒక్కోరోజు మూడు. పైడికైతే సెంటరు తెరవకముందు మా ఇంట్లో కూడా సూపించీదాన్ని. అలా ఎన్నాళ్ళు? ఏడాది. తగ్గించి సెప్పను.

మరి పిల్లలు ఇళ్ళకెల్లి సెప్పనేదా? సెప్పినారు. ఫోను సూసినాం అన్నారు. టీచరమ్మ సూపించిందనుకున్నారు అందరూ. ఆవిడికే కదా ఫోను ఇచ్చినారు.

అప్పుడు పైడికి ఇంగిలీసు వచ్చీసిందన్నారు. వన్ టూ అనేది, ఏవో రంగుల పేర్లు పాడేది. లచ్చిమి అత్త, అదే పైడి నాయనమ్మ, ఈదిలో నిలబడి, "సూసినారేటి, కానుమెంటు బడి గుమ్మం తొక్కకుండానే మా గుంట దొరసాని అయిపోనాది!" అని మురిసేది. నానూ మురిసినాను. నా గొప్పే అనుకున్నాను. ఆకలేస్తన్నాదని ఆ గుంట అనడం మానీసిందని ఎవలూ సూడనేదు. కాకి సంగతి అడగదు. పిలిస్తే తిరగదు. కావలసిందాని కాడికి మన సెయ్యి పట్టుకుని లాక్కెల్తాది. ఆఖరికి తల్లిని అమ్మా అనడం కూడా పోయినాది. రంగుల పేర్లు మాత్రం గోడకేసి సూస్తా పాడతాది.

నాకు తెలిసింది. అందరికన్నా ముందే తెలిసింది. మరెందుకు ఆపనేదు? అలిసిపోయాననా? మొగుడు నేని ఇంట్లో ఆయన ఫోను మోగతంటే మనిసి ఉన్నట్టే ఉన్నాదనా? ఇవన్నీ కావొచ్చు, ఇవేవీ కాకపోవచ్చు, ఎంత తవ్వుకున్నా అడుగున నాకు కనబడేది ఒక్కటే, ఆ పిల్ల అడిగే మాటల కన్నా అది నోరు మూసుకుని కూకోడమే నాకు సుకంగా ఉన్నాది. రాసినావా? రాయి. ఎందుకాగినావు?

లచ్చిమి పిల్లని ఇజీనారం పెద్దాసుపత్రికి ఎత్తుకెల్లింది. ఫోను ఎక్కువ సూస్తే పిల్లలకి మాట అణిగిపోతాదని సెప్పి, ఎంతసేపు సూస్తాదని డాట్రమ్మ అడిగినాదట. లచ్చిమికి నొక్కుడు ఫోను తప్ప ఏటీ నేదు. "సెంటర్లో సూపిస్తారు" అన్నాది. అంతే. మర్నాడు ఊరంతా సెంటరు మీద పడిపోనాది. పై ఆపీసరమ్మ కూడా వచ్చింది.

"పిల్లల్ని ఫోనుకి అప్పజెప్పీసి నువ్వు ఊరు మీద తిరుగుతావేటే?" లచ్చిమి అత్త టీచరమ్మ మీద మీదకి ఎల్లింది. "నీకు పాటలు పాడుకోడానికి నోరు కావాల గానీ, మా పిల్లకి నోరొద్దేటి?"

"పది నిమిషాలే మామ్మా. నా పక్కన కూకోబెట్టుకునే సూపించాను. అంతకి మించి ఒక్కరోజు కూడా లేదు." ఆ పిల్ల గొంతు వణకనేదు. నాకేసి తిరిగింది. "ఆయమ్మా, నువ్వు రోజూ ఇక్కడే ఉంటావు కదా. నువ్వు సెప్పు."

అందరూ నాకేసే సూసినారు. మా ఆయన ఫోను నా బొడ్లో దోపి ఉన్నాది. పొట్టకి ఏడిగా తగుల్తన్నాది.

"నానెక్కడ సూసినానమ్మా?" అన్నాను. "నాను వంటకాడుంటాను."

సగం నిజమే, సూడు. వంటకాడే ఉంటాను కదా. ఉత్త అబద్ధమైతే ఎవలైనా పట్టుకుందురు. ఆవిడ నాకేసి ఓ పాలి సూసి తల దించుకున్నాది. ఆవిడికి తెలిసిందా? తెలిసే ఉంటాదని నా అనుమానం. మొగుడు నేనిది, దీని కూడు పోతాదని ఊరుకున్నాదేమో. అదే అయితే ఆ మంచితనం మీద నాకు కోపం. అవును, కోపమే. అక్కడే నా జుట్టు పట్టుకుని ఈడ్సి ఉంటే బాగుండును. నెల తిరక్కుండా ఆవిడని తీసీసినారు. పిల్లల్ని పాడుసేసిన టీచరని పేరు పడిపోనాది. ఆవిడ ఎల్లిన ప్రతి బడికీ ఆ పేరే ముందెల్లింది. ఇప్పుడు బొబ్బిలిలో బట్టల కొట్టులో సీరలు మడతెడతన్నాదట.

ఆ ఫోను ఊరి పక్క గెడ్డ నీల్లలో పారేసినాను. పైడిని పక్కన కూకోబెట్టుకుని రోజంతా మాటాడినాను. మునగాకు దూస్తా మాటాడినాను, బియ్యం కడుగుతా మాటాడినాను. అది గోడకేసే సూసేది. ఆర్నెల్లకి "కాకి" అన్నాది. ఏడాదికి రెండు మాటలు కలిపింది. ఇప్పుడు నాలుగో తరగతి. ఇప్పటికీ కొన్ని మాటలు నోట్లోనే నానతాయి. "బేటరీ అయిపోయిన రేడియో" అని పిల్లలు ఏడిపిస్తారు.

ఊరేటంతన్నాదో తెలుసా? ఆయమ్మ నేకపోతే పైడికి మాటే రాకపోను అంతన్నాది. వచ్చే నెలకి నాకు వయసు నిండిపోతాది, దిగిపోతాను. సెంటరుకాడ సాలువ కప్పుతారట. మొన్న లచ్చిమి వచ్చి నా కాళ్ళకి దండం ఎట్టింది. కాళ్ళు ఎనక్కి లాక్కున్నాను. లచ్చిమి ఎల్లేదాకా పెరట్లో గిన్నెలు తోముతా కూకున్నాను.

ఆ సాలువ నాను కప్పుకోను. లచ్చిమీ, నీ పిల్ల నోరు కట్టింది నాను. టీచరమ్మ కాదు. వచ్చి నా మొకాన ఉమ్ము. నీకు సెయ్యి రాకపోతే మీ అత్తని పంపు. ఆపీసోలూ, మీరూ ఇనండి. ఫోను ఇచ్చినారు, పోటోలు అడిగినారు, పాతికమంది పిల్లలకి ఓ ముసిల్దాన్ని ఇచ్చినారు. మీ పాపం మీరు సూసుకోండి. దాన్నిబట్టి నాది తగ్గదు.

టీచరమ్మని సమించమని అడగను. అడిగే మొకం నాకు నేదు. ఈ కాగితం తీసుకెల్లి ఆవిడ ఏ ఆపీసులో సూపించుకుంతాదో, సింపి పొయ్యిలో ఎడతాదో, అది ఆవిడ ఇష్టం. పోయిన ఏళ్ళు మాత్రం రావు.

ఏటలా సూస్తావు? మొదటి నుంచీ సదివి ఇనిపించు. ఎక్కడైనా మెత్తగా మార్సినావేటి? నేదు కదా. సరే. బరువు దిగిందని అనను. ఊపిరి మాత్రం కడుపుదాకా ఎల్లొస్తన్నాది.

పెన్ను ఇటియ్యి. ఏలిముద్ర ఒద్దు, సంతకమే ఎడతాను. నా పేరు రాసుకోడం ఒక్కటీ నాకు ఆ టీచరమ్మే నేర్పింది, పిల్లల పలక మీద, నా సెయ్యి పట్టుకుని.